ఉప్పునూతి బెల్లం

గెడ్డకొత్తూరు,
11 ఫిబ్రవరి 2024

రత్నం,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. లేకపోతే నీ కొడుకు నాగేంద్ర ఫోను చేసి మీ వదినకి చెప్పేవాడు. ఫోను నాకు పనికిరాదు. చెవులు పోయాక అందులో ఎవరు మాట్లాడినా గానుగ తిరుగుతున్నట్టే ఉంటోంది. అందుకని ఈ వయసులో మళ్ళీ పోస్టాఫీసు మెట్లెక్కుతున్నాను. కౌంటర్లో అమ్మాయి ప్రతిసారీ ‘తాతగారూ, వాట్సాప్ లేదేటండి’ అని గట్టిగా అడుగుతుంది. ఉత్తరాలు రాసేవాడు లేకపోతే నీ ఉద్యోగం ఏమవుతుందమ్మా అని నేనూ గట్టిగానే అడుగుతాను.

మన ఊరి రమేష్‌బాబు సెలవు అయిపోయి గాజువాక వస్తున్నాడు. వాడి చేత బెల్లం దిమ్మ పంపుతున్నాను. ఈ ఏడు కాస్త తెల్లగా వచ్చింది. చలి ఎక్కువ కదా.

ఊరి సంగతి. మాకవరపాలెం రోడ్డు పొడవునా లేఅవుట్లే. మన పొలాన్ని ఆనుకుని వేసినదానికి మన్మథరావు ‘పల్లెవనం’ అని పేరు పెట్టాడు. గేటుకి రెండువైపులా సిమెంటు ఎద్దులు. లోపల ఇళ్ళు కట్టుకున్నవాళ్ళే నిజం ఎద్దులు పేడ వేస్తున్నాయని కంప్లయింటు ఇచ్చారు. నేను చదివిన చరిత్రల్లో రైతు కత్తికి భయపడి పొలం వదులుకున్నాడు. మనవాళ్ళు రంగు కాగితానికి వదులుకుంటున్నారు. కాగితం మీద చెట్టు కింద ఒక తెల్లటి కుటుంబం నవ్వుతూ ఉంటుంది. ఆ చెట్టు ఈ దేశంలో పెరగదు.

ఇప్పుడు మన్మథరావుకి నీ పొలం చెక్క కావాలి. పల్లెవనానికీ రోడ్డుకీ మధ్య అడ్డంగా ఉన్నది అదొక్కటే. మొన్న కారు దిగి నా అరుగు మీద కూర్చున్నాడు. ఆ అరుగు మీదే వాడికి ఎక్కాలు చెప్పాను. ఇవాళ వాడు నాకు లెక్కలు చెబుతున్నాడు. అది మా నాన్న రత్నానికి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చినదిరా, దున్నడం వరకే నా పని అన్నాను.

“కాయితం నీ పేరునుంది గదా మావయ్యా,” అన్నాడు. “రత్నం అప్పకి నువ్వు సెప్తేనే గదా తెలుస్తాది.”

మీ వదిన లోపల్నించి అంతా వింది. “మన్మథరావూ, టీ తాగీసి ఎల్లు నాయనా. మా ఆయనకి చెవుడు, నాకు లేదు,” అంది.

బెల్లం చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టుకో.

మీ అన్నయ్య,
తాతాజీ


గాజువాక,
20 ఫిబ్రవరి 2024

అన్నయ్యకి,

నూకరత్నం నమస్కరించి రాస్తున్నది. నువ్వూ వదినా జాగ్రత్తగా ఉన్నారని తలుస్తాను. నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగో అంతస్తులో ఉన్నాము గనక లిఫ్టు పాడైనప్పుడల్లా నేను ఖైదీనే. మనవరాలు సాయిప్రియ నాకు కథల పుస్తకాలు తెచ్చి ఇస్తుంది. నువ్వు నేర్పిన అక్షరాలు ఇంకా పనికొస్తున్నాయి.

బెల్లం అందింది. మామిడిపండులా ఉంది రంగు. చేతికి గట్టిగా ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకున్నాను. తీపి ఉంది. అంతే, తీపి ఒక్కటే ఉంది.

మన నూతి నీళ్ళు ఉప్పన కదా, మన బెల్లంలో తీపి దిగాక చివర్లో నాలుక మొదట్లో కొంచెం ఉప్పు తగిలేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అత్తగారు ‘ఏటమ్మా, మీ పుట్టింటి బెల్లం కన్నీళ్ళతో వండుతారా’ అని నవ్వేది. నాకు ఆ ఉప్పు తగిలితేనే మా ఇంటిది వచ్చిందని నిశ్చింత. ఏటా మీ బావగారి ఫొటో దగ్గర ఒక ముక్క పెట్టి, ఈ మెట్ల మీద ఉన్న వాళ్ళందరికీ మా పుట్టింటి పొలంలోదని పంచేదాన్ని. ఈసారి ఎవరికీ ఇవ్వలేదు.

సింగన్న బెల్లం వంట మానేశాడా? వాడు బెండ మొక్కలు నలిపి జిగురు పోసి మడ్డి తీస్తుంటే నేను పొయ్యి దగ్గరే కూర్చునేదాన్ని, నీకు గుర్తుందా? పిప్పి ఎగదోస్తే రవ్వలు నా పరికిణీ మీద పడేవి.

అన్నయ్యా, నా చెక్కలో ఈ ఏడు ఏం వేశావు? ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ చెల్లెలు


గెడ్డకొత్తూరు,
28 ఫిబ్రవరి 2024

రత్నానికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలూ నువ్వు రాశావు. చివరి ప్రశ్న నీది కాదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా చెక్కలో ఏం వేశావని ఒక్కనాడూ అడగలేదు. గాలివాన వచ్చి తోట పడిపోయిన ఏడాది కూడా, అన్నయ్యా నువ్వు తిన్నావా అని రాశావు తప్ప పంట మాట ఎత్తలేదు. అక్షరాలు నీవి, మాట నాగేంద్రది. వాడికి చెప్పు, లెక్కలు కావాలంటే వాడినే రమ్మను. నా అరుగు మీద చోటుంది. మన్మథరావు లేచి వెళ్ళాడు గనక.

నీ నాలుక గురించి నాతో వాదించకు. డెబ్బై దాటాక నాలుక, చెవి, కన్ను అన్నీ అబద్ధాలే చెబుతాయి. నా చెవుల సంగతి నాకు తెలుసు.

ఇక్కడ పల్లెవనం రెండో విడతకి భూమి చదును చేస్తున్నారు. నూతులు పూడ్చేస్తున్నారు. నుయ్యి కనబడితే చాలు, ఎక్కడెక్కడి కూల్చిన గోడల రద్దో తెచ్చి పోసి, రోలరు తిప్పి, పైన ప్లాటు నంబరు రాయి పాతుతున్నారు. గంగులు వాళ్ళ నుయ్యి పూడ్చుతుంటే వాడు గట్టు మీద నిలబడి చూశాడు. వాడి తాత తవ్వించినది. అమ్మింది వాడే గనక ఏమీ అనలేడు. నేనే అన్నాను. ఇంజనీరు కుర్రవాడు నా మాట పూర్తిగా విని, ‘అంకుల్, మీరు చాలా బాగా మాట్లాడతారు’ అని మెచ్చుకున్నాడు. జీవితమంతా చదివినదానికి నాకు దక్కిన బిరుదు అదీ.

పల్లె అందం గురించి ఆదివారం పేపర్లో వ్యాసాలు రాసే మహానుభావులు ఒక్కరూ ఈ గట్టు మీదకి రారు. వస్తే ప్లాటు కొనడానికి వస్తారు.

కొత్త అమావాస్యకి రా. నూకాలమ్మ జాతరకి వచ్చినట్టూ ఉంటుంది, నీ చీరా సిద్ధంగా ఉంటుంది. మాట్లాడవలసినది ఉంది, ఉత్తరంలో రాసేది కాదు.

తాతాజీ


గాజువాక,
12 ఏప్రిల్ 2024

అన్నయ్యకి,

జాతరకి రాలేదు. మోకాళ్ళ నొప్పులని నాగేంద్ర చేత ఫోనులో వదినకి చెప్పించాను. మోకాళ్ళ కోసం కాదు.

రమేష్‌బాబు అమావాస్యకి ముందు మన ఊరు వెళ్ళి వచ్చాడు. నర్సీపట్నంలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు నిన్ను చూశాడట. పక్కన మన్మథరావు. ఇద్దరూ టీ తాగుతున్నారట. నీ వేలికి సిరా ఉందట. వాడు చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. ‘తాతాజీగారు ఎట్టకేలకి ఒప్పుకున్నారండి, మంచిదే కదండి’ అన్నాడు.

నీకు అవసరం వచ్చి అమ్ముకుంటే నేను వద్దంటానా అన్నయ్యా? నాన్న కాగితం రాయలేదు. నేనూ అడగలేదు. ఏటా ఆ దిమ్మ వస్తే నాన్న మాట ఇంకా నిలబడి ఉందనుకునేదాన్ని. ఆడపిల్లకి పుట్టింట్లో ఇంత చోటుంది అనుకునేదాన్ని. నాకు కావలసినది అదే. నువ్వు చెక్క తీసేసి, బజారు బెల్లం కొని పంపి, చలికి తెల్లబడిందని రాశావు. ఏం వేశావని అడిగితే నా కొడుకు అడిగించాడన్నావు. నా కొడుక్కి అప్పటికి ఏమీ తెలియదు.

ఇప్పుడు తెలుసు. నేనే చెప్పాను. చెప్పి ఏడ్చాను. వాడు నన్ను లాయరు దగ్గరికి తీసుకువెళ్ళాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. నీకు నోటీసు వస్తుంది. అందులో ఏ భాష రాశారో నాకు తెలియదు. నా భాష మాత్రం కాదు.

ఇంక బెల్లం పంపకు.

నూకరత్నం


గెడ్డకొత్తూరు,
24 ఏప్రిల్ 2024

రత్నం,

నోటీసు చేరింది. సంతకం చేయించుకుంటూ పోస్టాఫీసు అమ్మాయి ‘మీకూ ఉత్తరాలొస్తన్నాయే తాతగారూ’ అని సంతోషించింది. నేను నిన్ను మోసగించానని అందులో నాలుగుచోట్ల ఉంది. ఇంటికి తెచ్చి మీ వదినకి చదివి వినిపించాను.

“సెప్పీవచ్చు కదా,” అంది ఆవిడ. “పొయ్యి పోయిందని ఒక్క ముక్క సెల్లెలికి సెప్పీస్తే మీ పరువు పోద్దా?”

అందుకని చెబుతున్నాను. నీ చెక్క ఉంది. ఈ నిమిషాన కూడా నరికిన దుబ్బులనించి లేచిన కార్శి తోట మోకాలెత్తు ఉంది. పోయింది బెల్లం పొయ్యి. పల్లెవనంలో దిగినవాళ్ళు పల్లె గాలి కోసం వచ్చారట, ఆ గాలిలో మన పొగ వాళ్ళకి కిట్టలేదు. పిల్లలు దగ్గుతున్నారని అర్జీ పెట్టారు. దగ్గిన పిల్లల్ని నేనూ చూశాను, అబద్ధం కాదు. మన ఊళ్ళో మాత్రం ఎవరి పిల్లలు దగ్గలేదు? ఆఫీసునించి మనుషులు వచ్చారు, డిసెంబరులో పొయ్యి కూల్చారు. పెనం పాత ఇనుముకి పోయింది. సింగన్న ఇప్పుడు సిమెంటు ఎద్దుల మధ్య కుర్చీ వేసుకుని టోపీ పెట్టుకుని కూర్చుంటున్నాడు, వాచ్‌మన్. బెల్లం పాకం చూసి రాత్రికి వాన వస్తుందో రాదో చెప్పినవాడు. ఇప్పుడు కారు నంబర్లు రాసుకుంటున్నాడు.

నీ చెక్కలో చెరకు నరికి లారీకెత్తాను. ఎవరెవరి తోటలతోనో కలిసి ఎక్కడికో పోయింది. అందులో నీది ఏదో దేవుడు కూడా చెప్పలేడు. నర్సీపట్నం బజారులో దిమ్మ కొన్నాను. రంగు కోసం హైడ్రోసు మందు వేసి పచ్చగా మెరిపించినది. చేత్తో పట్టుకుంటే సిగ్గేసింది. అయినా పంపాను. ఏటా వచ్చేది ఈ ఏడు రాకపోతే నువ్వు బెంగపడతావని పంపాను. నువ్వు ఏం వేశావని అడిగింది నాలుకకి ఉప్పు తగలక అడిగావని నాకు తట్టలేదు. లెక్క అడుగుతున్నావనుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివి, చెల్లెలి ఉత్తరం ఒకటి చదవలేకపోయాను.

రిజిస్ట్రారు ఆఫీసుకి నేను వెళ్ళింది అమ్మడానికి కాదు, ఇవ్వడానికి. నేను పోతే ఆ చెక్క నీదని చెప్పేవాడు ఉండడు. నాన్న నోటిమాట నాతో పోతుంది. అందుకని నీ పేరున రాసేశాను. జాతరకి వస్తే చీరలో పెట్టి ఇద్దామనుకున్నాను. సాక్షికి వస్తానన్న గంగులు రాలేదు. మన్మథరావు తన పని మీద అక్కడే ఉన్నాడు.

“ఏటి మావయ్యా, సాచ్చికం కావాలేటి? నాన్లేనా,” అన్నాడు.

చెల్లెలికి రాస్తున్నానురా అని చెప్పాను, వాడి మొహం మాడిపోతుందని. మాడలేదు. నవ్వుతూ సంతకం పెట్టాడు. టీ ఇప్పించాడు. వాడి చేతే నీకు సాక్ష్యం పెట్టించానని, బతుకులో ఒక్కసారి వాడిమీద గెలిచానని ఇంటికొచ్చి మీ వదినకి గొప్పగా చెప్పుకున్నాను.

దస్తావేజు ఈ ఉత్తరంతో రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఇక నీ చెక్కలో ఏం వేయమంటావో నువ్వే రాయి. కూలివాడిగా వేస్తాను.

తాతాజీ


గాజువాక,
19 జూన్ 2024

అన్నయ్యా,

మన్మథరావు నవ్వాడని రాశావు. ఎందుకు నవ్వాడో నాకు నిన్న తెలిసింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని పిచ్చిదానిలా నవ్వాను, ఏడ్చాను. నాగేంద్రకి చదివి వినిపించాను. దస్తావేజు వాడి చేతికే ఇచ్చాను, బీరువాలో పెట్టమని. నోటీసు వెనక్కి తీసుకోమన్నాను. తీసుకుంటానన్నాడు, తీసుకున్నాడు కూడా. నీకు క్షమాపణ రాయాలని రోజూ కూర్చునేదాన్ని. ఏం రాసినా చాలదనిపించి చింపేసేదాన్ని. అలా రెండు నెలలు పోయాయి.

నేను కళ్ళజోడు లేకుండా పెట్టిన సంతకాల్లో ఒకటి నోటీసుది కాదు. నా ఆస్తులన్నిటి మీద నాగేంద్రకి అధికారం ఇచ్చినది. అప్పటికి నాకు ఆస్తి ఉందని తెలియదు గదా అన్నయ్యా. నువ్వు అప్పటికే ఇచ్చేశావు. మన్మథరావు అమావాస్యకి ముందే వాడితో మాట్లాడుతున్నాడట. నీ పేరున ఉన్నంతకాలం నువ్వు చావనైనా చస్తావుగానీ ఇవ్వవని ఇద్దరికీ తెలుసు. నా పేరుకి రావడమే వాళ్ళకి కావలసింది. అది నువ్వే నీ చేత్తో చేశావు, వాడు సాక్షి సంతకం పెట్టాడు. పదిహేను రోజుల క్రితం నాగేంద్ర ఆ చెక్క వాడికి రాసేశాడు. నిన్న అన్నం తింటూ చెప్పాడు.

నేను కంచం ముందునించి లేచిపోయాను. వాడు వెనకాలే వచ్చాడు. వాడు దొంగ కాదు అన్నయ్యా. దొంగ అయితే తిట్టి ఊరుకునేదాన్ని.

“మావయ్య తరవాత దాన్నెవడు దున్నుతాడమ్మా? నువ్వా? నేనా?” అన్నాడు. “లేఅవుట్లో మునిగిపోయిన ముక్క ఒక్కటీ పెట్టుకుని ఏటి చేస్తాం?”

ఈ ప్రశ్నకి నువ్వే జవాబు చెప్పాలి. నీ దగ్గర ఉంటుంది, నువ్వు చదువుకున్నావు. నాకు తెలిసింది ఒక్కటే. నా నాలుక సరిగ్గానే చెప్పింది, అది మన బెల్లం కాదని. పొలం పోయిందని అది చెప్పలేదు. ఆ మాట నేను కలుపుకున్నాను. ఆ కలుపుకున్న మాటతోనే పొలం పోగొట్టాను.

ఒక్కటి అడిగి సాధించాను. చెరకు పండి నరికేదాకా ఆ చెక్క ముట్టుకోరు. మన్మథరావు ఒప్పుకున్నాడు. రోడ్డు వేసేది ఎలాగూ వానలు పోయాకేనట.

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

రత్నం


గెడ్డకొత్తూరు,
9 జనవరి 2025

రత్నం,

ఆరు నెలలు నీకు రాయలేదు. కోపం అనుకుని ఉంటావు. కోపమే. అయితే ఎవరిమీదో తేల్చుకోవడానికి ఇంతకాలం పట్టింది. నాగేంద్రని తిడుతూ ఒకటి, మన్మథరావుని తిడుతూ రెండు ఉత్తరాలు రాశాను. చాలా బాగా వచ్చాయి. మీ వదిన వాటితో పొయ్యి రాజేసింది. అనమన్నావు గనక అంటున్నాను. కళ్ళజోడు లేకుండా సంతకం పెట్టేదానికి నేను అక్షరాలు ఎందుకు నేర్పానా అని ఆ రోజంతా అనుకున్నాను. అంతే. ఇంక లేదు.

నాగేంద్ర ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. ఎవడు దున్నుతాడు? ఎవడూ దున్నడు. నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ దున్నాను.

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు నీ తోట నరికించాను. లారీ తెమ్మని గంగులు అన్నాడు. వద్దన్నాను. మేలైన గెడలు రెండు మోపులు ఏరి ఇంటికి తెచ్చాను. చెరకురసం బండివాడిని బతిమాలితే వాడి మిషన్లో ఆడి ఇచ్చాడు. సింగన్న డ్యూటీ దిగి, యూనిఫారంతోనే వచ్చాడు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, పెళ్ళి వంటల గుండిగ ఒకటి అద్దెకి తెచ్చి ఎక్కించాము. బెండ మొక్కలు ఎక్కడా దొరకలేదు. మీ వదిన కూరకి తెచ్చిన బెండకాయలు నలిపి పోసింది.

పొగ లేచింది. పల్లెవనంనించి ఇద్దరు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన సింగన్నని గుర్తుపట్టి, ‘నువ్వు మా వాచ్‌మన్‌వి కదూ’ అన్నాడు. సింగన్న తలెత్తలేదు. పాకం మీదనించి చూపు తిప్పితే మాడిపోతుంది. మీ వదిన వెళ్ళి వాళ్ళకి ఎదురుగా నిలబడింది.

“ఈయాళ ఒక్కరోజే బాబూ,” అంది. “మా ఇంట్లో ఒకలు పోయినారనుకోండి. పొగొస్తాది గదా.”

వాళ్ళు వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. ఇదొక్కటే నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఇంత నాశనం జరిగింది, తిట్టడానికి తగినంత చెడ్డవాడు ఒక్కడూ దొరకడం లేదు. మన్మథరావుని కూడా నేను కావలసినదానికన్నా ఎక్కువ తిట్టాననిపిస్తోంది. ఈ ఒక్క వాక్యం వాడికి చూపించకు.

అడుగున కొంచెం మాడింది. సింగన్న చేతులు మునుపటిలా లేవు. గడ్డకట్టాక చిన్న దిమ్మ అయింది, నీ రెండు పిడికిళ్ళంత. రమేష్‌బాబు చేత పంపుతున్నాను. నల్లగా ఉంది, చలికి కాదు.

మర్నాడు పొద్దున యంత్రాలు వచ్చాయి. నేను గట్టు మీదకి వెళ్ళలేదు.

మీ అన్నయ్య,
తాతాజీ


గాజువాక,
21 జనవరి 2025

అన్నయ్యకి,

నూకరత్నం నమస్కరించి రాస్తున్నది. దిమ్మ అందింది. నాకు షుగరు ఎక్కువైందని డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు. గోరంత తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ముందు మాడు తగిలింది. తరవాత తీపి. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఇంక రాదేమో అనుకున్నాను. వచ్చింది అన్నయ్యా. చివర్లో, నాలుక మొదట్లో.

మీ బావగారి ఫొటో దగ్గర ఒక ముక్క పెట్టాను. మెట్ల మీదవాళ్ళకి ఇవ్వలేదు. ఏమని చెప్పి ఇవ్వను? నాగేంద్రకి పెట్టాను. వాడు నోట్లో వేసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నా వైపు తిరగలేదు.

సాయిప్రియ చిటికెడు తిని, ‘నానమ్మా, ఇది ఉప్పగా ఉంది, పాడైపోయింది’ అంది. పాడవలేదే, మా పొలంలో నుయ్యి ఉప్పన అని చెప్పాను. నాన్న ఆ నుయ్యి తవ్వించినప్పుడు మంచినీళ్ళు పడలేదని ఊరంతా జాలిపడితే, ఆయన దోసెడు తాగి ‘బాగున్నాయి’ అన్నాడని, నువ్వు నాకు చెప్పిన కథ దానికి చెప్పాను. అది విని, ‘ఆ నుయ్యి నాకు చూపిస్తావా’ అని అడిగింది. వేసవి సెలవుల్లో తీసుకువెళతానన్నాను. నోరు జారి అన్నాను.

నా చెక్క మీద రోడ్డు వేశారని తెలుసు. రోడ్డుకి నుయ్యి అడ్డం వస్తుందో, పక్కకి ఉంటుందో నాకు గుర్తు రావడం లేదు. ఎంత కళ్ళు మూసుకున్నా గట్టు ఒక్కటే కనిపిస్తోంది.

అన్నయ్యా, నుయ్యి ఉంటే ఒక్క ముక్క రాయి. లేకపోతే మాత్రం రాయకు. ఉత్తరం రాలేదంటే ఆలస్యమైందనుకుంటాను.

నీ చెల్లెలు,
రత్నం